బ్రౌన్ గర్ల్ ఇన్ ద రింగ్: టొరంటో నడిబొడ్డున కరీబియన్ పూనకం

నాలో హాప్కిన్సన్ రాసిన ‘బ్రౌన్ గర్ల్ ఇన్ ద రింగ్’ చదివినవాళ్లను కదిపితే వచ్చే ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. ఆ ఇంగ్లీషు కొరుకుడు పడదు. కథానాయిక తన మాజీ ప్రియుడు టోనీని పట్టుకుని ఎందుకు వేలాడుతుందో అర్థం కాదు. రెండూ ఒప్పుకోవలసినవే. మొదటిదానికి మందుంది, కింద రాశాను. రెండోదానికి లేదు. అయినా కరీబియన్ జానపదం మీద అల్లిన ఫాంటసీల్లో ఒక్కటే చదువుతానని ఎవరైనా అంటే చేతిలో పెట్టాల్సింది దీన్నే. ఇందులో దేవతలకూ దయ్యాలకూ లెక్కలున్నాయి. ఎవరు దేనికి కట్టుబడతారు, ఏం పెడితే ఏం ఇస్తారు, ఆ లెక్క తప్పిస్తే ఎవరి మీద పడుతుంది అన్నదాని మీదే కథంతా నడుస్తుంది. ఆ లెక్క పట్టుకుని చదివితే పుస్తకం బాగా నచ్చుతుంది. హారర్ అనుకునో, సైన్స్ ఫిక్షన్ అనుకునో మొదలుపెడితే సగంలో నీరసం వస్తుంది.

ముందు వివరాలు. 1998లో వార్నర్ ఆస్పెక్ట్ అనే ప్రచురణ సంస్థ వేసింది. ఆ సంస్థ కొత్త రచయితలకు పెట్టిన పోటీలో నెగ్గిన రాతప్రతి ఇదే. మరుసటి ఏడాది ఉత్తమ తొలి నవలగా, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే లోకస్ పురస్కారం తీసుకుంది. దాదాపు 250 పేజీలు. ఈ కోవలో వచ్చే 500 పేజీల లావుపాటి సంపుటాలతో పోలిస్తే చిన్న పుస్తకం, రెండు మూడు కూర్చోవడాల్లో అయిపోతుంది. హాప్కిన్సన్ 1960లో జమైకాలో పుట్టారు. ట్రినిడాడ్‌లో, గయానాలో పెరిగి 1977లో పదహారేళ్లకు టొరంటో చేరారు. పుస్తకంలో పాత్రకో యాస ఎందుకుందో, ట్రినిడాడ్ దయ్యం సూకూయాన్ పక్కనే జమైకా ఆత్మ డప్పీ ఎందుకు తిరుగుతుందో ఈ ప్రయాణం చూస్తే తెలిసిపోతుంది.

కథ జరిగేది దగ్గరి భవిష్యత్తులో. ఆదివాసుల భూమి దావాతో మొదలైన గొడవ ముదిరి, డబ్బు ఊరొదిలి, అల్లర్లు చెలరేగి, పోలీసులూ ఆఫీసులూ ఆస్పత్రులూ టొరంటో నగర మధ్యభాగాన్ని వదిలేసి శివార్లకు పోయాయి. మిగిలిన చోటికి ‘బర్న్’ అని పేరు. పోలేనివాళ్లూ పోదలచుకోనివాళ్లూ అందులో ఉండిపోయారు. కరెంటు అంతంతమాత్రం, డబ్బుకంటే వస్తుమార్పిడే ఎక్కువ. ఊరి మధ్య ఆకాశాన్నంటే సిఎన్ టవర్ మీద రూడీ అనే రౌడీ తన ముఠాతో కాపురం పెట్టాడు. అదే సమయంలో బయట ఆంటారియో రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అట్లీకి గుండె మార్చాలి. పంది గుండెలు పెంచి అమర్చే పద్ధతి వాడుకలో ఉన్నా, ఎన్నికల లెక్కల కోసం ఆవిడ నాకు మనిషి గుండే కావాలంటుంది. ఆస్పత్రి తరఫు మనిషి వచ్చి రూడీని అడుగుతాడు. రూడీ ఆ పనిని టోనీకి అప్పజెబుతాడు. టోనీ ఒకప్పుడు ఆస్పత్రిలో పనిచేసినవాడు, మత్తుకు అలవాటు పడి అక్కణ్నుంచి వెళ్లగొట్టించుకున్నవాడు. టోనీ ఒకప్పటి ప్రియురాలు టీ-జాన్. చంకలో ఇంకా పేరు పెట్టని పసివాడు. అమ్మమ్మ గ్రో-జాన్ దగ్గర ఉంటోంది, ఆవిణ్ని అందరూ మామీ అంటారు. మామీ ఒకప్పటి నర్సు, ఇప్పుడు బర్న్ జనానికి ఆకులూ వేర్లూ మిగిలిపోయిన మాత్రలూ కలిపి వైద్యం చేస్తుంది. వైద్యం వెనక ఇంకో విద్య కూడా ఉంది. టీ-జాన్‌కు అది నేర్చుకోవాలని లేదు. ఆ పిల్లకు ఎదుటివాళ్లు ఎలా చచ్చిపోతారో కళ్ల ముందు కనబడుతుంటుంది. ఇదే జబ్బు ఆమె తల్లి మీ-జాన్‌కూ వచ్చింది, పిచ్చెక్కి ఇల్లొదిలి పోయింది.

ఇంతవరకూ మొదటి యాభై అరవై పేజీలు. దీన్ని చెప్పడంలో హాప్కిన్సన్ కాస్త తడబడ్డారు. ముందుమాట లాంటి తొలి పేజీల్లో, బురదలో సగం కూరుకున్న బండిచక్రంలా నగరాన్ని వర్ణించి, ఇరుసు చచ్చిపోయి ఆకులు మాత్రం బతికాయని చెబుతారు. వర్ణన బాగుంది గాని, ఏ ఏడాది ఏం జరిగిందో వార్తల శీర్షికలు ఏకరువు పెట్టినట్టుగా సాగుతుంది. అక్కడ ఆగి బుర్ర బద్దలుకొట్టుకోకండి. తరవాత ఆ వివరాలు పెద్దగా అక్కరకు రావు. తమాషా ఏమిటంటే, పుస్తకం వెలువడిన 1998లోనే జనవరి 1న నిజం టొరంటోనూ చుట్టూ ఉన్న ఎటోబికో, స్కార్బరో, నార్త్ యార్క్ వగైరా ఐదు పట్టణాలనూ కలిపి ఒకే నగరం చేశారు. నవల ఊహించింది సరిగ్గా దానికి తిరగబడ్డ బొమ్మ.

ఇక అసలు సరుకు. ఈ నవలలో తిరిగే జానపద ప్రాణుల పద్ధతులు ముందే తెలిస్తే చదవడం తేలికవుతుంది, ఎందుకంటే రచయిత్రి ఎక్కడా ఆగి పాఠం చెప్పరు. ట్రినిడాడ్ పాఠకుడికి చిన్నప్పుడే తెలిసినవి కదా.

సూకూయాన్ పగలు ఊళ్లో ఒంటరి ముసలమ్మ. రాత్రికి ఒంటి తోలు ఒలిచి, మడిచి రోట్లో దాస్తుంది. నిప్పుబంతిగా మారి ఎగురుతుంది, తాళం కన్నంలోంచి దూరి నెత్తురు పీలుస్తుంది. పొద్దున లేచేసరికి ఒంటి మీద నీలం మచ్చ. విరుగుడు రెండు. గుమ్మంలోనో నాలుగు దారుల కూడలిలోనో బియ్యం పోస్తే ఒక్కో గింజా లెక్కపెట్టకుండా అది కదలలేదు, ఈలోగా తెల్లారిపోతుంది. లేదా దాచిన తోలు వెతికి దానికి ఉప్పూ కారం పట్టించాలి, తిరిగొచ్చి తొడుక్కోబోతే మంటెత్తి చస్తుంది. లా జాబ్లెస్ పెద్ద టోపీ, నేల జీరాడే గౌను వేసుకున్న అందగత్తె. ఒక పాదం మనిషిది, రెండోది ఆవు గిట్ట. రోడ్డు మీద మంచి పాదం, పక్కన గడ్డిలో గిట్ట వేసి నడుస్తుంది కాబట్టి చప్పుడు వినబడదు. వెంటపడ్డ మగవాణ్ని అడవిలోకి లాక్కుపోయి వదిలేస్తుంది. బట్టలు తిరగేసి తొడుక్కుంటే దారి దొరుకుతుందంటారు. జాబ్-జాబ్ కార్నివాల్‌లో కనిపించే సైతాను వేషం. ఇవి టీ-జాన్‌కు కలల్లో, కిటికీ అవతల కనబడతాయి. మొదట్లో ఏది కలో ఏది నిజమో తేలదు. ఇక్కడ చాలామంది ‘తికమకగా ఉంది’ అని పుస్తకం పక్కన పెడతారు. తికమక కావాలనే పెట్టింది. ఆ పిల్లకే తెలియడం లేదు మరి. ఇంకో యాభై పేజీలు ఓపిక పడితే ఏది ఏమిటో విడివడుతుంది.

డప్పీ వేరే వ్యవహారం. జమైకా వాళ్ల మాటలో చచ్చినవాడి ఆత్మ. దాన్ని పట్టి, ఎండిన కాయ డొల్లతో చేసిన బుర్రలో బంధిస్తే యజమాని చెప్పిన పని చేస్తుంది. ఊరికే చెయ్యదు, దానికి నెత్తురు పోస్తుండాలి. రూడీ బలమంతా ఆ బుర్రలోనే ఉంది. అందుకే వయసు మీదపడ్డవాడైనా ముసలివాడిలా కనబడడు.

ఇక దేవతలు. వీళ్లు పశ్చిమ ఆఫ్రికా యోరుబా జనం నుంచి బానిస ఓడల్లో వచ్చినవాళ్లు. షాంగో పిడుగుకు, ఓగున్ ఇనుముకు, ఓయా గాలికి, ఓషున్ నదికి, యెమాన్జా సముద్రానికి, ఒసేన్ మూలికలకు. వీళ్లందరికంటే ముందు పిలవాల్సినవాడు లెగ్బారా, కూడళ్లకూ తలుపులకూ కాపరి. అతను దారి తియ్యకపోతే మిగతావాళ్లు రాలేరు. హైతీలోనూ క్యూబాలోనూ ట్రినిడాడ్‌లోనూ ఈ వరస ఒక్కటే, పేర్లూ పాటలూ మారతాయి. ట్రినిడాడ్‌లో ఒరిషా అంటారు, క్యూబాలో సాంతేరియా, హైతీలో వోడూ. హాప్కిన్సన్ వీటిని కలిపేశారని కొందరు పాఠకులు తప్పుపడతారు. పద్ధతులు శుద్ధంగా ఉండాలనుకునేవాళ్లకు ఆ అభ్యంతరం ఉండడం సహజమే. కానీ మామీ పాత్రకు ఆ కలపడమే సరిపోతుంది. నాలుగు దేశాల జనం ఒక పాడుబడ్డ ఊళ్లో చిక్కుకుపోయినప్పుడు, ఎవరి పేరుతో పిలిచినా మనం చేసేది ఆత్మలకు సేవే అన్న ధోరణిలో ఆవిడ మాట్లాడుతుంది. అలాంటి చోట కర్మకాండ అలాగే కలిసిపోతుంది. టీ-జాన్‌కు తండ్రి స్థానంలో నిలిచేది శ్మశాన రాకుమారుడు, లెగ్బారాకే ఇంకో ముఖం. టోపీ పెట్టుకున్న బక్కపలచటి మృత్యుదేవత అనుకోండి. మామీకి ఒసేన్. మూలికలావిడకు మూలికల దేవుడు, అక్కడ మెలికేమీ లేదు.

తెలుగు పాఠకుడికి ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషు సమీక్షలు ‘పొసెషన్’ అన్న మాట దగ్గర ఆగి, భయపడి, పేరాలకు పేరాలు వివరిస్తాయి. బోనాల జాతరలో రంగం చూసినవాళ్లకు ఆ వివరణ అక్కర్లేదు. దేవత మనిషి మీదికి రావడం, గొంతు మారడం, అడిగింది పెట్టించుకోవడం, ప్రశ్నకు జవాబు చెప్పి దిగిపోవడం, దిగాక ఆ మనిషికి ఏదీ గుర్తులేకపోవడం. శ్మశానం పక్కని ప్రార్థనామందిరంలో మామీ కోడిని బలిచ్చి పూజ చేసే అధ్యాయం పుస్తకంలో అన్నిటికంటే మంచిది. ఆ సన్నివేశంలో టోనీ భయం, టీ-జాన్ సిగ్గు, మామీ పనిమంతురాలి తొందర మూడూ ఒకేసారి నడుస్తాయి. ఆవిడకు అది రోజువారీ పని. పక్కనున్న పిల్లలిద్దరికీ ప్రపంచం తలకిందులవుతోంది. టీ-జాన్ మీదికి దేవత వచ్చినప్పుడు ఆమె గొంతులోంచి మగ గొంతు వస్తుంది. ఆ తరవాత ఆ దేవత వాళ్లిద్దర్నీ ఎవరికీ కనబడకుండా చేసే పద్ధతి చూడండి. మంత్రం చదివి మాయం చెయ్యడు. గినీ లాండ్‌లో, అంటే చచ్చినవాళ్ల లోకంలో, వాళ్లను సగం నిలబెడతాడు. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ. కరీబియన్ బానిసల నమ్మకంలో చచ్చిన ఆత్మ సముద్రం దాటి గినీకి, అంటే ఆఫ్రికాకు, తిరిగిపోతుంది. ఆ నమ్మకం తెలిసినవాడికి ఈ కిటుకు చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. తెలియనివాడికి మామూలు అదృశ్యం మంత్రంలాగే ఉంటుంది. రచయిత్రి ఈ ఒక్క విషయానికైనా రెండు వాక్యాల సాయం చేసి ఉండాల్సింది.

మామీకీ రూడీకీ తేడా అంతా ఇక్కడే తేలుతుంది. విద్య ఇద్దరిదీ ఒకటే. మామీ ఆత్మలకు పెట్టి, అడిగి, వాళ్లు ఇచ్చింది తీసుకుంటుంది. రూడీ వాళ్లను బంధించి చాకిరీ చేయిస్తాడు. మన దగ్గర కొలుపు పెట్టేవాడికీ చేతబడి చేసేవాడికీ ఊరు ఏ తేడా చూస్తుందో ఇక్కడా అదే. ఇది పట్టుకుంటే రెండో సగంలో ఎవరు ఎందుకు ఓడిపోతారో ముందే అర్థమవుతుంది. రూడీ ప్రతి పనికీ ఇంకో ప్రాణం ఖర్చుపెట్టాలి, ఆ అప్పు పెరుగుతూనే పోతుంది.

యాస సంగతి. కథనం మామూలు ఇంగ్లీషే, సంభాషణలు మాత్రమే క్రియోల్, అంటే కరీబియన్ జనం మాట్లాడే కలగలుపు ఇంగ్లీషు. టీ-జాన్ మామీతో ఒకలా, టోనీతో కెనడా పిల్లలా మాట్లాడుతుంది. అమ్మమ్మ మీద కోపంగా ఉందో, దగ్గరవుతోందో ఆ మారే మాట చూసి చెప్పొచ్చు. నాలుగైదు గుర్తులు తెలిస్తే చాలు. క్రియకు భూతకాలం రాదు, నిన్న జరిగినదానికీ ‘షీ టెల్ మీ’ అనే అంటారు. క్రియ ముందు ‘గో’ వస్తే భవిష్యత్తు: ‘ఐ గో టెల్ యు’ అంటే చెబుతాను అని, వెళ్లి చెబుతాను అని కాదు. ‘డజ్’ వస్తే అలవాటు: ‘హీ డజ్ డ్రింక్’ అంటే తాగే అలవాటున్నవాడు. ‘ఆల్‌యూ’ అంటే మీరంతా. నామవాచకం వెనక ‘డెమ్’ తగిలితే బహువచనం. ‘డూడూ’ ముద్దుపిలుపు, బంగారం అన్నట్టు. మొదటి ముప్పై పేజీల సంభాషణలు పైకి చదవండి. కళ్లతో చదివితే తప్పుల ఇంగ్లీషులా అనిపించేది, చెవిన పడగానే లయ అందుకుంటుంది. ఈ-బుక్‌లో నిఘంటువు నొక్కితే సాయం దొరకదు. అది ‘గో’కు వెళ్లు అనే చెబుతుంది, ఇంకా దారి తప్పిస్తుంది.

శీర్షిక పిల్లలు గుండ్రంగా నిలబడి ఆడే ఆటపాటలోది. మధ్యలో ఒక పిల్ల, చుట్టూ పాడేవాళ్లు. 1978లో బోనీ ఎమ్ బృందం దాన్ని డిస్కో చేసి ప్రపంచమంతా తిప్పింది, మన దగ్గర కేసెట్ల కాలం వాళ్లకు ఆ రాగం తెలిసే ఉంటుంది. పేర్ల సంగతి అంతకంటే ముఖ్యం. టీ-జాన్, మీ-జాన్, గ్రో-జాన్ అంటే చిన్న, నడిమి, పెద్ద జాన్‌లు. సెయింట్ లూషియా కవి డెరెక్ వాల్కాట్ 1950ల్లో రాసిన నాటకం ‘టీ-జాన్ అండ్ హిజ్ బ్రదర్స్’లో ముగ్గురు అన్నదమ్ములు ఒకరి తరవాత ఒకరు సైతానుతో తలపడతారు. పెద్దవాడు కండబలం నమ్ముకుంటాడు, నడిమివాడు చదువు, కడగొట్టువాడు పెద్దల మాటా అడవి ప్రాణుల మాటా వింటాడు. హాప్కిన్సన్ ఆ ముగ్గుర్నీ మూడు తరాల ఆడవాళ్లుగా మార్చారు. హాప్కిన్సన్ తండ్రి స్లేడ్ హాప్కిన్సన్, డెరెక్ వాల్కాట్ నాటక బృందంలో నటుడు కూడా. నాటకం చదవకపోయినా నవల అర్థమవుతుంది. చదివితే మాత్రం ఎవరు ఎక్కడ ఓడతారో వేసుకునే అంచనాలు రచయిత్రి రెండుచోట్ల ఎలా తప్పించారో కనబడుతుంది.

పంది గుండె భాగం 1998లో ఊహ. పంది అవయవాలతో పాటు పంది వైరస్ కూడా మనిషికి వస్తుందేమో అన్న భయం కథలో ఉంది. 2022 జనవరిలో అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు జన్యువులు మార్చిన పంది గుండెను మొదటిసారి ఒక మనిషికి అమర్చారు. రోగి రెండు నెలలు బతికాడు. ఆ గుండెలో పంది సైటోమెగాలోవైరస్ జాడ దొరికింది. ఇరవై నాలుగేళ్ల ముందు రాసిన పుస్తకం ఈ విషయంలో ఇంత దగ్గరికి రావడం మెచ్చుకోవాల్సిందే. అయితే అట్లీ చుట్టూ తిరిగే అధ్యాయాలు మాత్రం పలచన. రాజకీయ సలహాదారు, ఓట్ల లెక్కలు, ఆస్పత్రి మంచం అన్నీ పొడిపొడిగా వచ్చిపోతాయి. బర్న్ వాసన తగిలిన వెంటనే ఆ గదుల్లోకి వెళ్తే టీవీ నాటకం చూసినట్టుంటుంది.

టోనీ గురించి. వాడు పిరికివాడు, మత్తుగాడు, ప్రతిసారీ మాట తప్పుతాడు. అలాంటి పాత్ర ఉండడం తప్పు కాదు. వాణ్ని ఒకప్పుడు ఈ పిల్ల ఎందుకు ప్రేమించిందో ఒక్క సన్నివేశమైనా చూపించకపోవడం తప్పు. అందం తప్ప ఇంకేమీ చెప్పరు. దాంతో మొదటి సగంలో ఆమె వాడికోసం తీసుకునే ప్రతి నిర్ణయమూ కథను ముందుకు నెట్టడానికే అన్నట్టుంటుంది. దీనికి బదులుగా పసివాడి విషయంలో రచయిత్రి చూపిన నిజాయితీ ఎక్కువమంది గమనించరు. టీ-జాన్‌కు ఆ బిడ్డ మీద ప్రేమకంటే విసుగే ముందు వస్తుంది. పాలు చేపుకొచ్చి జాకెట్ తడవడం, గుక్కపట్టిన ఏడుపు, గుడ్డలు మార్చడం, పారిపోవాల్సిన సమయంలో చంకలో ఆ బరువు. ఫాంటసీ కథానాయికలు కత్తులు పట్టుకుని తిరిగే కాలంలో ఈమె బాలింత. ప్రమాదం ముంచుకొచ్చిన ప్రతిసారీ ముందు వాణ్ని ఎవరి చేతిలో పెట్టాలి అన్న ప్రశ్న వస్తుంది. కథలో సగం బిగువు దాన్నుంచే పుట్టింది.

హింస గురించి గట్టిగానే హెచ్చరించాలి. రూడీ తన శక్తి చూపించడానికి ఒక అమ్మాయిని బతికుండగానే తోలు ఒలిపించే సన్నివేశం ఉంది. చాలా వివరంగా ఉంది. కథకు దాని అవసరం లేకపోలేదు, సూకూయాన్ తోలు ఒలుచుకునే కథకు అది వికృతమైన ప్రతిబింబం. కానీ రెండు పేజీలు దాటేసినా కథ తెగిపోదు. పదహారేళ్ల లోపు పిల్లలకు ఈ పుస్తకం ఇవ్వొద్దు. గర్భిణులకు, కొత్త తల్లులకు కూడా పసివాడికి ముప్పు వచ్చే చోట్లు ఇబ్బంది పెట్టొచ్చు.

ఇక్కణ్నుంచి ముగింపు చెప్పేస్తున్నాను. తెలుసుకోవద్దనుకునేవాళ్లు తరవాతి రెండు పేరాలు వదిలేయండి.

రూడీ మామీ మాజీ భర్త, అంటే టీ-జాన్‌కు తాత. బుర్రలో బంధించిన డప్పీ ఎవరో కాదు, కూతురు మీ-జాన్ ఆత్మ. ప్రీమియర్‌కు కావాల్సిన గుండె కోసం టోనీ చంపేది మామీని. ఈ మూడూ విడివిడిగా తెలిసే క్రమం చక్కగా కుదిరింది. చివర సిఎన్ టవర్ మీద టీ-జాన్ రూడీకి చిక్కుతుంది. ఆమెను కూడా డప్పీగా మార్చబోతాడు. అప్పుడామెకు తట్టే ఆలోచన చూడండి. వోడూ గుడిలో నడిమధ్య ఒక స్తంభం ఉంటుంది, దేవతలు దాని మీదుగానే దిగివస్తారు. పునాది చచ్చినవాళ్ల నేలలో, కొస ఆకాశంలో. 553 మీటర్ల ఎత్తున ఊరి మధ్య నిలబడ్డ సిఎన్ టవర్ కంటే పెద్ద స్తంభం ఎక్కడ దొరుకుతుంది? ఆమె దేవతల్ని పేరుపేరునా పిలుస్తుంది. కింది నుంచి రూడీ చంపినవాళ్లంతా పైకొస్తారు. అన్నాళ్లూ వాయిదా వేసిన అప్పు ఒక్కసారిగా వాడి మీద పడుతుంది. మొదటి పేజీ నుంచీ రౌడీల అడ్డాగా చూసిన కట్టడం ఒక్క ఊహతో గుడిగా మారిపోవడం, దానికి ముందే వేసిన నియమాలు తప్ప కొత్తగా ఏ మాయా తేకపోవడం, ఈ నవల సాధించిన అసలు విజయం ఇదే.

ఆ తరవాతి పేజీలు నాకు రుచించలేదు. మామీ గుండె అట్లీ ఒంట్లోకి వెళ్లి, ఆవిడ మనసు మారి, బర్న్‌ను బాగుచేసే పథకంతో లేస్తుంది. గుండె మారితే మనసు మారిందన్న చమత్కారం కాగితం మీద బాగుంటుంది. కానీ పుస్తకమంతా ప్రతి ఫలితానికీ ఎవరో ఒకరు వెల కట్టారు, ఇక్కడ మాత్రం ప్రభుత్వం ఊరికే దయతలుస్తుంది. ఇది కూడా మామీ ప్రాణంతో కొన్నదే కదా అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో పస ఉంది, ఆ పేజీల రాతలో లేదు.

కథలో రూప్‌సింగ్ రోటీ కొట్టు కనబడినప్పుడు తెలుగు పాఠకులు కాస్త ఆగొచ్చు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి భారతీయ కూలీలను ట్రినిడాడ్‌లో దింపింది. 1917 దాకా ఆ రవాణా సాగింది. ఎక్కువమంది భోజ్‌పురి ప్రాంతంవాళ్లయినా, మద్రాసు రేవు నుంచి ట్రినిడాడ్‌కూ గయానాకూ వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. గయానాలో వాళ్ల సంతతి కాళీమాయి గుళ్లలో ఇప్పటికీ ‘తప్పు’ అనే తప్పెట వాయిస్తారు, అమ్మవారు మనుషుల మీదికి వస్తుంది. హాప్కిన్సన్ ఆ దారిలోకి వెళ్లలేదు. నవలలో భారతీయులు రోటీ వరకే. రచయిత్రి గయానాలో కూడా పెరిగారని తెలిశాక ఇది కొంచెం వెలితిగానే తోస్తుంది.

టొరంటోలో, బ్రాంప్టన్‌లో, మిసిసాగాలో ఉండే తెలుగువాళ్లు పుస్తకం చేతపట్టుకుని ఒక పూట తిరగొచ్చు. మామీ ఇల్లున్న రివర్‌డేల్ ఫార్మ్ కాబేజ్‌టౌన్‌లో నిజంగానే ఉంది, ప్రవేశం ఉచితం, ఆవులూ మేకలూ ఉంటాయి. దాని పక్కనే నెక్రోపొలిస్ శ్మశానం, అందులోని చిన్న ప్రార్థనామందిరం. అక్కణ్నుంచి పడమరగా నడిచివెళ్తే ఆలన్ గార్డెన్స్, 1910 నాటి గాజు గుమ్మటంతో సహా. బర్న్ జనం ఆకుకూరలు పండించుకునేది అక్కడే. దూరాలు కాలికి తెలిశాక టీ-జాన్ చంకలో పిల్లాడితో చేసే రాత్రి నడకల కష్టం ఇంకా బాగా తెలుస్తుంది.

మొత్తమ్మీద ఐదుకు నాలుగు. ఒక అంకె టోనీకి, ఇంకాస్త అట్లీకి పోయింది, టవర్ అధ్యాయం కొంత వెనక్కి తెచ్చింది. కాగితం ప్రతి కొనడం మేలు. అధ్యాయాల తలల మీద పెట్టిన ఆటపాటల ముక్కలు, వాల్కాట్ పంక్తులు వెనక్కి తిప్పి చూసుకోవాల్సి వస్తుంది, ఫోన్‌లో అది చిరాకు. 2017లో ‘బ్రౌన్ గర్ల్ బిగిన్స్’ అని షారన్ లూయిస్ సినిమా తీశారు. అది ఈ కథకు ముందు జరిగేది, నవలకు బదులుగా చూస్తే పనికిరాదు.

ఇంట్లో పదేళ్ల పిల్లలుండి వాళ్లకు ఇదే ప్రపంచం కావాలంటే ట్రేసీ బాప్టిస్ట్ రాసిన ‘ద జంబీస్’ (2015) సరిపోతుంది. కొరిన్ అనే జాలరి కూతురు, బజార్లో నారింజలు అమ్ముకునే పదకొండేళ్ల పిల్ల. ఆమె స్నేహితురాలు ద్రు భారత సంతతి. సూకూయాన్, లా జాబ్లెస్, రూపం మార్చే లగహూలతో పాటు పాదాలు వెనక్కి తిరిగి ఉండే డ్వెన్ పిల్లలూ వస్తారు. అసుర సందె వేళ పిల్లల్ని పేరుపెట్టి గట్టిగా పిలవకూడదన్నది డ్వెన్‌ల వల్లే, ఆ పేరు విని వాళ్లు పిల్లల్ని మళ్లించుకుపోతారట. భాష తేలిక, నెత్తురు తక్కువ. తరవాత ఇంకో రెండు భాగాలున్నాయి. పెద్దవాళ్లకు హాప్కిన్సన్ తరవాత ఏం చదవాలంటే అయానా లాయిడ్ బాన్వో ‘వెన్ వి వర్ బర్డ్స్’ (2022). శ్మశానంలో గోతులు తవ్వే పనికి కుదిరిన రాస్తా (జమైకాలో పుట్టిన రాస్తాఫారీ మతం) కుర్రాడు, చచ్చినవాళ్ల బాధ్యతను తల్లి నుంచి వారసత్వంగా పొందిన అమ్మాయి. అక్కడ కథనం కూడా క్రియోల్‌లోనే ఉంటుంది, కాబట్టి పైన చెప్పిన గుర్తులతో ముందు ఈ పుస్తకంలో చెయ్యి తిరిగాక దాని జోలికి వెళ్లండి.